ఏడో కొడుకు

షాంటిలీ లైబ్రరీ హాల్లో కుర్చీలు చాలక జనం గోడలకానుకుని నిలబడ్డారు. గౌరీశంకర్ రెండో పుస్తకానికి అంత పేరొచ్చింది మరి. ఎనిమిది వందల ఏళ్ళనాడు ఐర్లండ్‌లో కొనాక్ట్ అనే సీమను ఏలిన ఫెర్గల్ రాజు చరిత్ర అది.

ఫెర్గల్ మామూలు ఘటం కాదు. అంగలోపం ఉన్నవాడు గద్దెనెక్కరాదని అక్కడి కట్టుబాటు. అందుకని పోటీకొస్తాడేమోనని సొంత తమ్ముడి కళ్ళు పొడిపించాడు.

ముందు వరసలో గౌరీశంకర్ భార్య వసుమతి కూర్చుంది. డిక్షనరీలు ముందేసుకుని పాత ఐరిష్ భాష నేర్చుకున్నది ఆవిడ. డబ్లిన్ నుంచి తెప్పించిన రాతప్రతుల కాపీలు పదకొండేళ్ళుగా చదివి, నోట్సు రాసిచ్చిందీ ఆవిడే. ఆయనకు ఆ భాషలో ఒక్క ముక్క రాదు. మొదటి పుస్తకంలో ఆవిడకు దక్కింది ఒకటే లైను: 'వేళకు కాఫీ ఇచ్చిన శ్రీమతికి.' ఇందులో అదీ లేదు.

మలి ముద్రణలోనైనా నా పేరు వెయ్యమని పొద్దున కూడా అడిగింది.

"నీ పేరెందుకే? రాజుల చరిత్రలో రాణుల పేర్లు ఎవడు చదువుతాడు?" అని ఆయన టై కట్టుకున్నాడు.

జనానికి బాగా పట్టింది ఫెర్గల్ ఏడో కొడుకు దోనల్ కథ. వాడి తల్లి కొలువులో రాతపని చేసేది. రాజు ఆమె పేరును వంశావళిలోంచి కత్తితో గీకించి వెళ్ళగొట్టాడు. దోనల్ పెరిగి పెద్దవాడై వచ్చి, నిండు కొలువులో తండ్రి కళ్ళు పొడిచి గద్దె దించాడు. ఆ అధ్యాయం చదివి ఏడ్చామని ఇద్దరు ముగ్గురు లేచి చెప్పారు.

డబ్లిన్ నుంచి వచ్చిన ముసలి ప్రొఫెసరమ్మ మాత్రం, ఆ ప్రతులు తానూ ముప్పై ఏళ్ళుగా చదువుతున్నానని, దోనల్ మీకెక్కడ దొరికాడని అడిగింది. గౌరీశంకర్ తడుముకోలేదు. అసలు ప్రతిని చేతుల్లో పట్టుకుని ఈ కళ్ళతో చదివానన్నాడు.

వసుమతి మైకు అడిగి తీసుకుంది.

"ఏవండీ, చదవడంలో ఎవరి సాయమైనా తీసుకున్నారా?"

"నీ కాఫీ సాయం," అన్నాడాయన. హాలంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

"వీడియో తీస్తున్నారు, సరిగ్గా చెప్పండి. దోనల్ని బయటికి తెచ్చింది ఎవరు?"

"నేనే. నేనొక్కణ్ణే. ఇందులో ఇంకొకళ్ళ చెయ్యి లేదు."

"సరే. ఆ మాట మీదే ఉండండి," అని వసుమతి మైకు తీసుకెళ్ళి ప్రొఫెసరమ్మ చేతిలో పెట్టింది.

ఫెర్గల్‌కు పుట్టింది ఆరుగురు కొడుకులే. ఏడోవాణ్ణి, మొదటి పుస్తకం అచ్చయి ఇంటికొచ్చిన రోజు, వంటింటి బల్ల దగ్గర కూర్చుని వసుమతే పుట్టించింది.