ఎనిమిదో స్థానం

బాస్కెట్‌బాల్ ఆట మొదలైన కాసేపటికే మొదటి దెబ్బ పడింది.

బస్సు డిపో జట్టు కుర్రాడు బంతి అందుకోబోతుంటే, రేవు జట్టు కొత్తవాడు అడ్డం వచ్చాడు. భుజం తగిలి కుర్రాడు బెంచీ కిందిదాకా జారిపోయాడు.

కొత్తవాడు వంగి అతని మణికట్టు పట్టుకున్నాడు. కాసేపు వదల్లేదు. తర్వాత లేపి నిలబెట్టాడు.

"కొట్టేదీ వాడే, పరామర్శించేదీ వాడే," అన్నాడు బెంచీ మీదున్న తమ్ముడు.

తమ్ముడంటే డిపో జట్టు కెప్టెన్‌కి సొంత తమ్ముడు. అన్న బస్సుల ఇంజన్లు విప్పుతాడు, తమ్ముడు టైర్లు మారుస్తాడు. నాన్న పోయాక తమ్ముడికి అన్నం పెట్టిందీ, తన్ని బడికి పంపిందీ అన్నే.

నిజానికి రెండూ గొప్ప జట్లేం కావు. ఏడాదంతా పోటీపడి మరీ ఓడిపోయాయి. పై రౌండుకి వెళ్లే ప్లేఆఫ్ జట్లలో ఎనిమిదో స్థానం ఒక్కటే మిగిలింది. అది దక్కినా తర్వాతి మ్యాచ్‌లో మొదటి స్థానంలో ఉన్న జట్టు చేతిలో చిత్తుగా ఓడటం ఖాయం. అయినా ఇవాళ ఆ స్థానం కోసం ప్రాణాలు తోడేసుకుంటున్నారు.

రేవు జట్టుకి మనుషులు చాలక ఆ కొత్తవాణ్ణి నిన్ననే ఎక్కడినుంచో పట్టుకొచ్చారు. వాడి వివరాలు వాళ్లకే సరిగ్గా తెలియవు. మనిషి తలుపంత ఉన్నాడు. జనం చూడగానే 'దున్న' అని పేరు పెట్టేశారు.

విరామం వచ్చేసరికి డిపో జట్టులో ఇద్దరికి ముక్కులు పగిలాయి. రేవు జట్టులో ఒకడు కుంటుతున్నాడు.

"అన్నా, ఆ దున్న సంగతి చూడు."

"నాకొదిలెయ్ రా."

అన్న మాట నిలబెట్టుకున్నాడు. బంతి కోసం ఎగిరినట్టే ఎగిరి, మోచేత్తో దున్న నోటి మీద కొట్టాడు. రెండు పళ్లు నేల మీద పడ్డాయి.

రిఫరీ చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు. రోజూ ఆయన ఇంటికి వెళ్లే దారి డిపో ముందునుంచే మరి.

దున్న నోట్లో గుడ్డ కుక్కుకుని మళ్లీ ఆటలోకి వచ్చాడు. పెదాలు వాచి మొహం గుర్తుపట్టలేకుండా ఉంది. తమ్ముడికి కడుపు నిండినట్టయింది.

ఆట చివరికొచ్చేసరికి డిపో జట్టు ఒక్క పాయింటు ముందుంది. అన్న గీత దగ్గర ఆగి ఛాతీ రుద్దుకున్నాడు. ఒళ్లంతా చెమట.

"కాసేపు కూర్చో అన్నా."

"ఇప్పుడు కూర్చుంటే వచ్చే ఏడాది దాకా కూర్చోవాలి రా."

దున్న అన్న వైపే చూస్తున్నాడు. రిఫరీ దగ్గరికి పరుగెత్తి, గుడ్డ తీసి, అన్నని చూపిస్తూ ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు, రక్తం వచ్చింది.

"మనమీద చాడీలు చెబుతున్నాడు, చూడండి," అన్నాడు తమ్ముడు.

రిఫరీ చెయ్యి ఊపి ఆట సాగించాడు.

అన్న బంతితో కదిలాడు. దున్న బంతిని వదిలేసి, రెండు చేతులూ చాచి నేరుగా అన్న మీదికే ఉరికాడు. ఇద్దరూ కలిసి కూలారు.

అన్న లేవలేదు.

దున్న మాత్రం లేచి, అన్న పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. పిడికిలి ఎత్తి అన్న ఛాతీ మీద గుద్దాడు. మళ్లీ మీద పడి అదమసాగాడు.

"చంపేస్తున్నాడ్రోయ్," అని ఎవరో అరిచారు.

స్టేడియం మొత్తం లోపలికి దూకింది. కుర్చీలు ఎగిరాయి. రేవు జట్టు వాళ్లు దొరికిన గుమ్మంలోంచి పారిపోయారు.

తమ్ముడు ఇనుప కుర్చీ అందుకున్నాడు. మొదటి దెబ్బ వీపు మీద పడింది. దున్న తిరిగి చూడలేదు, అన్న మీదనుంచి చేతులు తియ్యలేదు. రెండో దెబ్బ మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు తమ్ముడికి వినిపించింది. ఎంత సంతోషం వేసిందో.

విరిగిన చెయ్యి వేలాడుతుంటే దున్న ఒంటి చేత్తో మళ్లీ అన్న దగ్గరికి పాకాడు. నోరు తెరిచి ఏదో అన్నాడు. వాచిన నోట్లోంచి గురగుర తప్ప ఏమీ రాలేదు.

"ఇంకా బూతులు తిడతావురా," అని తమ్ముడు ఆ నోటి మీదే తన్నాడు.

నలుగురు కాళ్లు పట్టుకుని దున్నని గోడ దాకా ఈడ్చుకుపోయారు. అక్కడ ఎవరికి చేతనైనంత వాళ్లు తన్నారు. కదలడం మానేశాక వదిలేశారు.

అన్న మొహం మీద నీళ్లు చల్లారు. తువ్వాలుతో విసిరారు. డిపో ఫోర్‌మన్, జట్టు కోచ్ కూడా ఆయనే, "జరగండి, గాలి ఆడనివ్వండి" అని అందరినీ దూరం నెట్టాడు. అన్న పెదాలు నీలంగా మారుతున్నాయి. ఏం చెయ్యాలో ఒక్కరికీ తెలియలేదు.

"అన్నా, కళ్లు తెరువు అన్నా. నీ కాళ్లు పట్టుకుంటా."

మైకులో ప్రకటన వచ్చింది. రేవు జట్టు ఆట వదిలి వెళ్లిపోయినందువల్ల ఎనిమిదో స్థానం డిపో జట్టుదేనట. వెనక వరసల్లో ఎవరో ఈల వేశారు.

చివరికి అంబులెన్స్ వచ్చింది. డ్రైవరొక్కడే దిగాడు. అన్న మెడ మీద వేళ్లు పెట్టి చూసి, నెమ్మదిగా తీసేశాడు.

"ఎంతసేపైంది?"



"ఏదైనా చెయ్యండి," తమ్ముడు అతని చొక్కా పట్టుకున్నాడు. "మీ బండిలో నర్సు ఉండాలి కదా. ఎక్కడ?"

డ్రైవర్ జనంలోకి చూస్తూ వెతికాడు. తర్వాత అతని చూపు గోడ దగ్గర ఆగిపోయింది.

"గుండె ఆగిందని ఫోనొచ్చినా, ఇక్కడేనని తెలిసి నేను కంగారు పడలేదు బాబూ," అన్నాడు మెల్లగా. "మా నర్సు ఇవాళ సెలవు పెట్టి, రేవు జట్టుకి ఆడటానికి ఇక్కడికే వచ్చాడు."