స్టీలా, అల్యూమినియమా

“ఏదో ఒకటి తేల్చమ్మా. బండి పొద్దుట్నుంచీ జాకీల మీదే ఉంది,” అన్నాడు మెకానిక్.

షెడ్డు మధ్యలో పాతకాలపు ఎర్ర స్పోర్ట్స్ కారు చక్రాల్లేకుండా నిలబడింది. ఒక పక్క నాలుగు స్టీలు చక్రాలు, ఇంకో పక్క నాలుగు అల్యూమినియం చక్రాలు. ఆమె ఎటూ తేల్చుకోలేక చేతిలోని ఫొటోను వెయ్యోసారి చూసింది. పెళ్ళైన కొత్తలో నాన్న ఇదే బండికి ఆనుకుని నవ్వుతున్నాడు. చక్రాలు మాత్రం బురదలో కూరుకుపోయి ఉన్నాయి. అన్నాచెల్లెళ్ళకు ఊహ తెలిసేసరికి అమ్మా లేదు, ఈ బండీ లేదు. బండిని ఆమె ఈమధ్యే ఎక్కడో వెతికి పట్టుకుని కొనుక్కొచ్చింది. నాన్న ఆ రెంటి ఊసూ ఎత్తేవాడు కాదు.

ఇప్పుడైతే అసలు ఏ ఊసూ లేదు. నాన్న నోరు విప్పి ఎనిమిది నెలలైంది. కూతుర్ని కూడా మరిచిపోయాడు. ఇవాళ కూడా పలక్కపోతే సాయంత్రం వృద్ధాశ్రమంలో చేర్చేస్తానని అన్నయ్య తెగేసి చెప్పాడు. బండి అచ్చం అప్పటిలా కనబడితే ఒక్క మాటైనా అనకపోతాడా అని ఆమె ఆశ. పిచ్చి ఆశే. కానీ ఆమెకు మిగిలింది అదొక్కటే.

“కంపెనీ ఇచ్చింది స్టీలే. స్పీడు పిచ్చి ఉన్నవాళ్ళు బరువు తగ్గుతుందని అల్యూమినియం వేయించుకునేవాళ్ళు. మీ నాన్నకి ఆ పిచ్చి ఉండేదా?”

“సైకిలు కూడా భయపడుతూ తొక్కే మనిషి, బాబాయ్.”

“అయితే స్టీలే.”

స్టీలు చక్రాలు బిగించారు. అన్నయ్య నాన్నను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. నాన్న చక్రాల వంక చూశాడు, గోడ వంక చూశాడు. అంతే.

“తీసెయ్ బాబాయ్. అల్యూమినియం పెట్టు.”

“ఈ నట్లు వాటికి పట్టవమ్మా. మళ్ళీ అన్నీ వేరేవి...”

“నీకు దణ్ణం పెడతాను. పెట్టు.”

మెకానిక్ గొణుక్కుంటూనే పదహారు నట్లూ విప్పాడు.

“ఎందుకే ఈ యాతన? ఆయన్ని కూడా హింసపెడుతున్నావు,” అన్నాడు అన్నయ్య.

ఆమె వినిపించుకోలేదు. బండి మళ్ళీ నేలకు దిగగానే నాన్న అరచేతిని తెచ్చి చక్రానికి ఆనించింది. “నీ బండి నాన్నా. ఒక్కసారి గుర్తుపట్టు.”

నాన్న చెయ్యి లాక్కున్నాడు. పోనీ కూర్చోబెడదామని స్టీరింగు వైపు తలుపు తీస్తే, బెదిరిపోయి రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆమె గ్రీజు మరకల నేల మీదే కూలబడి ఏడ్చింది. అన్నయ్య నాన్నను గుమ్మం వైపు తిప్పాడు. మెకానిక్ ఆ ఏడుపు చూడలేకపోయాడు. బండిని పక్కకు తీద్దామని స్టీరింగు ముందు కూర్చుని ఇంజను స్టార్టు చేశాడు.

ఆ చప్పుడికి నాన్న ఆగాడు. అన్నయ్య చెయ్యి విడిపించుకుని వెనక్కి వచ్చాడు. బండి చుట్టూ తిరిగి వెళ్ళి, రెండో వైపు తలుపు తనే తీసుకుని, ఎక్కి కూర్చున్నాడు. చొక్కా సర్దుకుని మెకానిక్‌ను ఎగాదిగా చూశాడు.

“నువ్వు దిగవయ్యా. ఈ బండి మా ఆవిడే నడుపుతుంది.”