ఇరవై కాపీలు

“ఈ ఒక్క పేజీ ఇరవై కాపీలమ్మా. బస్సులో సీటుకు టవలేసి వచ్చినాను, రవ్వంత బిరీన.”

పుంగనూరు బస్టాండు ఎదుట నీరజ జిరాక్సు షాపు. వచ్చినాయనకు తెల్లగడ్డం, భుజాన గుడ్డసంచి.

“కోర్టు కాగితమా?”

“తీర్పమ్మా. నా మీద లంచం కేసు. ఎనిమిదేండ్లు తిరిగినాక కొట్టేసినారు. జడ్జిగారు తెలుగులోనే రాసినాడు. ఊర్లో ఇంటింటికీ ఇచ్చి సదువుకోమంటాను.”

రోజుకు వెయ్యి కాగితాలు తిప్పే నీరజ ఒక్కటీ చదివిన పాపాన పోదు. దీన్నీ అంతే, మిషన్లో పెట్టి మూత వేసింది. నోరు మాత్రం ఊరుకోలేదు.

“ఎంతయిందప్పా ఈ తీర్పు? మదనపల్లెలో టమాటా రేటన్నా దిగుతాది గానీ, తీర్పుల రేటు దిగేటట్టు లేదే!”

పక్కనున్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆయన తల దించుకున్నాడు.

ఆ నవ్వులకు నీరజకు ఇంకా హుషారొచ్చింది. గోడమీద దండ వేసిన ఫోటో చూపింది.

“మా నాయన వెంకటప్ప. లంచం తీసుకునే వీఆర్వోను పట్టించినాడు. ఆయప్పకూ నీ మాదిరే కొట్టేస్తారేమో! కోర్టుల్ని నమ్మేదెట్ల?”

ఆయన ఫోటోను చాలాసేపు చూశాడు.

“మీయమ్మ ఉండాదామ్మా?”

“చౌడేపల్లె దగ్గర మా ఊర్లోనే ఉండాది. నాయన పేరు సెప్పుకోని తలెత్తుకోని తిరుగుతాది.”

“చాలు తల్లీ. మిషన్ ఆపు.”

పదకొండు కాపీలే వచ్చాయి. ఇరవైకీ డబ్బిచ్చాడు. ఆ పదకొండూ చించి చెత్తబుట్టలో వేశాడు. చౌడేపల్లె బస్సులోంచి టవలు తీసుకుని, మదనపల్లె బస్సెక్కి వెళ్ళిపోయాడు.

“సిగ్గొచ్చినట్టుండాది,” అంది నీరజ. మళ్ళీ నవ్వులు.

తరువాతి గిరాకీ ఆధార్ కార్డు ఇస్తే మూత ఎత్తింది. ఆయన కాగితం అక్కడే ఉండిపోయింది. ఎర్రసిరాతో గీత గీసిన వాక్యం మీద చూపు పడింది.

‘అన్న పొలాన్ని తన పేరున ఎక్కించలేదన్న కోపంతో, లంచమని చూపిన డబ్బును వీఆర్వో బాబు సాహెబ్ సంచిలో తానే పెట్టినట్లు ఫిర్యాది వెంకటప్ప ఒప్పుకున్నాడు.’

సాక్ష్యం చెప్పి వచ్చిన రోజు నాయన అన్నం ముట్టలేదు. అలసిపోయాడనుకుంది.

నీరజకు తల కొట్టేసినట్లయింది. గోడవైపు చూడలేక చెత్తబుట్ట వైపు చూసింది.

చచ్చిపోయిన నాయన పరువు ఊర్లో పోకూడదని తన పరువును అందులో వేసి వెళ్ళినవాడు, నాయన దొంగగా నిలబెట్టిన ఆ బాబు సాహెబే.