గుదికట్టె

నా బిడ్డ మన్వితను బడి మాన్పిస్తారేమోనన్నదే నా పెద్ద భయం. నన్ను ఆరో తరగతిలో మాన్పించారు.

టీచరు డైరీలో రాసింది: "క్లాసులో విచ్చలవిడిగా నవ్వుతోంది. అదుపులో పెట్టి పంపండి, లేదంటే పంపకండి."

"విచ్చలవిడి అంటే ఏందత్తమ్మా?"

"తాడు తెంపుకున్న మేక చేన్ల వడ్డట్టు," అంటూ మా అత్త లక్ష్మీనర్సమ్మ దొడ్లోకి పోయింది. పారిపోయే మేక మెడకు వేలాడదీసే గుదికట్టె తెచ్చి పిల్ల మెడలో వేసింది.

"అయ్యో, అది పిల్లత్తమ్మా!"

"మేకకు పన్జేసింది, దీనికి చెయ్యదా? గిట్లనే పంపు."

మన్విత నాలుగడుగులు వేసింది. కట్టె మోకాళ్లకు టకటకా తగిలింది.

"నానమ్మా, బడిల 'మే' అనాల్నా?" అని పడిపడి నవ్వింది.

"నవ్వకే! నా పెండ్లిల నవ్విన్నని మా అత్త నా నోట్ల కొంగు కుక్కింది. అప్పటి సంది నవ్విన్నా నేను?"

అత్తమ్మ మెల్లగా పిల్ల మెడలోని కట్టె తీసింది. ఏమనుకుందో, తన మెడలో వేసుకుని నాలుగడుగులు నడిచింది.

"మే," అంది. అని నవ్వింది.

డైరీలో సంతకం పెట్టి, పిల్లను ఉత్త మెడతోనే బడికి పంపాను. నేను పనికని కోదాడ బస్సెక్కేదాకా అత్తమ్మ నవ్వు ఆగలేదు. మా ఊరు చిలుకూరు మీదుగా పోయేవాళ్లు ఒక్కసారి ఆమెను చూసిపోండి. నవ్వు మాత్రం ఆపకండి.