సిస్టరమ్మ కూర్చున్న మంచం

“ఆవిడ ఏ మంచం పక్కన కూర్చుంటే ఆ మంచం ఖాళీ అయిపోతుంది, చూస్తుండు,” అన్నాడు టైలరు గొంతు తగ్గించి.

మేస్త్రి నవ్వబోయాడు. కడుపు మీద కుట్లు లాగాయి. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అది చర్చివాళ్ల ఆసుపత్రి. పొడుగాటి మగవాళ్ల వార్డు, రెండు వరుసల ఇనప మంచాలు. ఇళ్లు కట్టే ఈ మేస్త్రికి పేగు ఆపరేషన్ చేసి తెచ్చి అక్కడ పడుకోబెట్టారు. పక్క మంచం టైలరుది. మనిషి హ్యాంగరుకు తగిలించిన చొక్కాలా వేలాడిపోయాడు గానీ హాస్యానికి మాత్రం లోటు లేదు. “మంచాలు కలిశాయి గనక ఇక మనం వియ్యంకులం” అని మొదటిరోజే వరస కలిపేశాడు.

టైలరు చెప్పిన ఆ పెద్ద సిస్టరు, చర్చి సన్యాసిని, మధ్యాహ్నం పూట వచ్చేది. తెల్లచీర, తలకు బిగించి కట్టిన తెల్లగుడ్డ. అడుగులో అడుగు వేస్తూ, ఒక్కో మంచం కమ్మి మీద చెయ్యి ఆనించి, ఆగి, ఆ మనిషి మొహంలోకి చూసి, మళ్లీ కదిలేది. సంతలో ఏరుకుంటున్నట్టే ఉండేది మేస్త్రికి. చివరికి ఒకచోట నిలబడేది. కుర్చీ లాక్కునేది. మంచంలోని మనిషి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది.

మొదట మూల మంచం పెద్దాయన. తరవాత తలుపు దగ్గరి లారీ డ్రైవరు. ఆవిడ కూర్చున్నాక ఎంతో సేపు పట్టలేదు, ఆ మంచాల మీద దుప్పట్లు మార్చేశారు.

అన్నిటికన్నా మేస్త్రికి ఒళ్లు జలదరించేది ఆవిడ నవ్వు చూసే. చావు తిరుగుతున్న చోట మనిషన్నవాళ్లు అంత హాయిగా ఎలా నవ్వుతారు?

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. “ఇంత కష్టం మధ్య మీకంత సంతోషం ఎక్కణ్ణుంచి వస్తుంది సిస్టరమ్మా?”

“ప్రభువు పనిలో ఉన్నంతసేపూ నా సంగతి నాకు గుర్తుండదు నాయనా,” అంది. “వయసులో ఉండగా ఎక్కడెక్కడో వెతికాను సంతోషం కోసం. ఇక్కడ దొరికింది. దొరికింది మళ్లీ పోలేదు.”

చెబుతూ చెబుతూనే అతని మంచం కమ్మిని గట్టిగా పట్టుకుంది. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. మేస్త్రి కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు.

ఆవిడ వెళ్లాక, నేల తుడుస్తున్న ఆయాని ఆవిడ సంగతి అడిగాడు.

“రిటైరై చాలా కాలమైందయ్యా. అయినా ఇక్కడే ఉంటోంది,” అని ఆయా బకెట్టు తీసుకుని గబగబా వెళ్లిపోయింది.

ఆ వారంలోనే సిస్టరమ్మ కుర్చీ టైలరు మంచం పక్కకు వచ్చింది.

“అయిపోయింది వియ్యంకుడా. నా కొలతలు తీసుకుంటున్నారు,” అన్నాడు టైలరు. నవ్వుతూనే అన్నాడు గానీ దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. పాపం, అతన్ని చూడ్డానికి వచ్చే నాథుడు లేడు.

మేస్త్రి కళ్లార్పకుండా కనిపెట్టి చూశాడు. సిస్టరమ్మ ఇటు వీపు తిప్పింది. బొడ్డున దోపుకున్న చిన్న నల్లసీసా తీసింది. మూత తిప్పిన చప్పుడు వినబడింది. ఆ తరవాత ఏం చేసిందో కనబడలేదు. సీసా మళ్లీ బొడ్డున చేరింది. టైలరు తల నిమురుతూ ఆవిడ ఏదో కూనిరాగం తీసింది. టైలరు చంటిపిల్లాడిలా నిద్రపోయాడు.

ఇక లేవలేదు.

డాక్టరమ్మ వార్డు చూడ్డానికి వచ్చినప్పుడు మేస్త్రి రెండు చేతులూ జోడించాడు.

“అమ్మా, నా మాట నమ్మండి. ఆ సిస్టరమ్మ ఏదో పోస్తోంది. నల్లసీసా నా కళ్లతో చూశాను. ఆవిణ్ణి లోపలికి రానివ్వకండి.”

డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగిపోయింది.

“ఆ సీసా నేనే ఇచ్చాను,” అంది. “వార్డులోకి వెళ్లొద్దని చెప్పి చూశాను, వినదు. ఇంకెన్నాళ్లో రాదులే. నువ్వు పడుకో.”

అయితే అందరూ కలిసే చేస్తున్నారన్నమాట!

సాయంత్రం భార్య వస్తే కాళ్లావేళ్లా పడ్డాడు. “నన్ను ఇంటికి తీసుకుపోవే.”

“కుట్లు విప్పకుండా ఎలా తీసుకుపోతారయ్యా? పిచ్చి మాటలు మాట్లాడకు,” అని కసిరి, మొహం తుడిచి, దుప్పటి సర్ది వెళ్లింది.

మర్నాడు మధ్యాహ్నం వార్డు తలుపు తెరుచుకుంది. సిస్టరమ్మ ఎప్పటికన్నా నెమ్మదిగా నడుస్తోంది. ఈసారి ఏ మంచం దగ్గరా ఆగలేదు. ఎవరి మొహంలోకీ చూడలేదు. తిన్నగా మేస్త్రి వైపే వస్తోంది.

ఆవిడ నీడ దుప్పటి మీద పడగానే మేస్త్రి కేకపెట్టాడు.

“నా దగ్గరికి రాకండి! నాకు పెళ్లాం ఉంది, పిల్లలున్నారు. నేనెవరూ లేనివాణ్ణి కాదు!”

“తెలుసు నాయనా. రేపు నీ కుట్లు విప్పుతారు, ఇంటికెళ్లిపోతావు,” అంది సిస్టరమ్మ. అదే నవ్వు.

అతని మంచం దాటి, టైలరు ఖాళీ చేసిన మంచం అంచున కూర్చుంది. చెప్పులు విడిచి, బొడ్డున ఉన్న నల్లసీసా తీసి, “నొప్పికి” అంటూ తనే ఒక గుక్క తాగింది. కాళ్లు ఒక్కొక్కటే పైకి తీసుకుని మెల్లగా దిండు మీదికి వాలి, మేస్త్రి వైపు చెయ్యి చాచింది.

“నేనూ నీలాగే ఇక్కడ రోగినే మేస్త్రీ, ఇవాళ పోయేది నేను, కాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంటావా?”