అమ్మణి కట్టిన జట్టు

“ఇదీ ఓడితే నా జట్టు లీగ్‌లోంచి ఔట్, ఆజీ!” శోభన కంప్యూటర్ ముందు జుట్టు పీక్కుంది. ఆ ఆటలో ఆమె ఒక హాకీ జట్టుకు మేనేజరు. సగం మ్యాచి అయింది. లౌటోకా పట్నంలో కూర్చుని ఆడుతున్న బావ జై జట్టు రెండు గోల్స్ ముందుంది.

అమ్మణి మనవరాలి భుజం మీదుగా తొంగి చూసింది. “వీళ్ళంతా ఏం చేస్తారే?”

“గోల్ కొడతారు. అందరూ స్టార్లే!”

“అందరూ చెరకు నరికేవాళ్ళే అయితే లారీకి ఎత్తేదెవరే, పిచ్చిదానా? ముగ్గుర్ని తియ్యి. బంతి అందించేవాళ్ళను పెట్టు.”

“అరే, వాళ్ళకు మార్కులే లేవు ఆజీ!”

“ఎత్తేవాడికి మార్కులెవడేస్తాడు? పెట్టు!”

పెట్టింది. ఒక గోల్ పడింది. ఇంకొకటి పడింది. చివరి నిమిషంలో మూడోది పడగానే ఇద్దరూ మంచమెక్కి గెంతారు.

జై ఫోన్ చేశాడు. “మోసం! ఎవరు నేర్పారు నీకు?”

“ఆజీ!” అని అరిచి, శోభన అమ్మణి వైపు తిరిగింది. “వునిమోలి తోటల్లో ఏటా ఆజా కూలీల గ్యాంగే ముందు చెరకు కోత ముగించేదట కదా. మనుషుల్ని ఎంచడం గ్యాంగుకు సర్దారైన ఆజా దగ్గరే నేర్చుకున్నావా?”

నలభై ఏళ్ళుగా భర్తకే పేరు వదిలేస్తూ అలవాటైన “ఔను” అమ్మణి నోటిదాకా వచ్చింది. నవ్వు దాన్ని పక్కకు తోసేసింది.

“గ్యాంగ్ పేర్లు రాసింది మీ ఆజా. ఎవర్ని రాయాలో చెప్పింది నేను.”

శోభన గెంతడం మానేసింది. ఫోన్ అమ్మణి నోటి దగ్గర పెట్టింది.

“ఇంకోసారి చెప్పు ఆజీ, జై వినాలి!”

అమ్మణి మంచం మీదే నిలబడి, ఈసారి వీధికంతా వినబడేలా చెప్పింది.