గొంతు పోయింది

“గొంతు పోయిందండీ,” అంటూ ఆవిడ పెట్టెను బల్ల మీద పెట్టింది.

ఆ కొట్టులో రోజూ వినపడే మాటే అది. అక్కడ అమ్మేది వేళకు మందు వేసుకోమని మనిషిలా పలకరించే పెట్టె. స్పీకరు పాడైతే చాలు, ఎవరొచ్చినా “గొంతు పోయింది” అనే అంటారు.

దాన్ని తయారుచేసినాయన అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు. అందరికీ ఆయన పెట్టెలాయన. ఉద్యోగం మానేసి, ఇల్లు అమ్మేసి, అయినవాళ్ళందరి చేతా చీవాట్లు తిని దీన్ని నిలబెట్టాడు. ఇది పోతే ఇక వెనకాల ఏమీ లేదు.

ఆ రోజు మాత్రం మహా హుషారుగా ఉన్నాడు. పెట్టెలో మనిషి గొంతు తీసేసి కొత్తగా కంప్యూటరు గొంతు పెట్టాడు. నెట్‌కు తగిలించి ఉన్న పెట్టెలన్నీ వాటంతటవే మారిపోయాయి. పాత రికార్డింగు ఇంకెందుకని తన చేత్తోనే చెరిపేశాడు. విజయ రహస్యం చెప్పమని ఒక విలేకరి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“పాతదాన్ని పట్టుకు వేలాడేవాడు పైకి రాడండీ. రాసుకోండి,” అంటున్నాడు పెట్టెలాయన.

బల్ల వెనకున్న ఆయన బావమరిది ఆవిడ తెచ్చిన పెట్టె మీట నొక్కాడు.

“మందు వేసుకున్నారా?” అంది పెట్టె. కాస్త ఆగి, “పక్కన మంచినీళ్ళున్నాయా?” అంది.

“బాగానే మాట్లాడుతోంది కదమ్మా.”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. మెడ చుట్టూ మఫ్లరు. నోట్లోంచి మాట కన్నా గాలే ఎక్కువ వస్తోంది.

“అది కాదు బాబూ... గొంతు పోయింది. ఇందులోది కావాలి.” ఫోను ముందుకు చాపింది. “దీంట్లోకి ఎక్కించండి.”

“ఏమిటట?” అన్నాడు పెట్టెలాయన.

“పెట్టెను ఫోనుతో కలపమంటున్నారు బావా. దీన్నెప్పుడూ నెట్‌కు తగిలించినట్టు లేదు.”

“అదెంత పని, ఇటివ్వండమ్మా.” విలేకరి చూస్తున్నాడు కదా, స్వయంగా లేచాడు. “కొత్త గొంతు కూడా వచ్చేస్తుంది. ఊరికే.”

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి ఏదో అనబోయింది. దగ్గు తెర కమ్ముకుంది.

“ముందు ఆ జలుబుకి మందు వేసుకోండి, లేకపోతే మా పెట్టె ఊరుకోదు,” అన్నాడు. విలేకరి నవ్వాడు.

పెట్టె మీద ఎర్ర లైటు వెలిగి, పచ్చగా మారింది.

ఆవిడ మీట నొక్కింది.

“ఇది మీ మందు సమయం.”

మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే మాట.

ఆవిడ పెట్టెలాయన ముఖంలోకి చూసింది. పెదవులు కదిలాయి గాని మాట బయటికి రాలేదు.

“థాంక్సులెందుకమ్మా, మా పనే ఇది,” అన్నాడాయన.

ఆవిడ పెట్టెను గుండెలకు హత్తుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పెట్టెలు వెనక్కి రావడం మొదలైంది.

“మందు సమయం అనగానే మా పక్కింటాయన గ్లాసులు కడిగి పెట్టుకున్నాడంట బావా,” అని బావమరిది మొదట్లో నవ్వాడు. తర్వాత వాడూ నవ్వడం మానేశాడు. అరలు నిండిపోయి పెట్టెలు నేల మీదికి దిగాయి. పనివాళ్ళు ఒక్కొక్కరే వేరే దారి చూసుకున్నారు. ఎక్కడ తప్పు జరిగిందో పెట్టెలాయనకు అంతుపట్టలేదు.

చివరికి కన్నతల్లే పెట్టెను మంచం కిందికి తోసేసింది.

“ఏమ్మా, పనిచెయ్యట్లేదా?”

“చేస్తోందిరా. గంట కొడుతోంది, అంతే. ఆ పిల్లయితే అడిగేది. నీళ్ళున్నాయా అని కూడా అడిగేది. ఈ ఇంట్లో నన్ను ఆ మాట అడిగేవాళ్ళు ఇంకెవరున్నారు?”

పెట్టెలాయనకు చెంప చెళ్ళుమన్నట్టయింది. నీళ్ళ మాట ఆయన రాసిచ్చింది కాదు. ఆ రికార్డింగు పని స్టూడియోవాడికి అప్పజెప్పాడు. ఆ గొంతు మనిషిని ఆయన చూడనేలేదు. ఆవిడెవరో తనంతట తానే ఆ మాట కలిపింది. అదనపు మాట ఎందుకని తీయించబోయి, బద్ధకించి వదిలేశాడు. జనం కొన్నది తన తెలివిని కాదు, ఆ ఒక్క మాటని.

చేతులు కాలాక ఆకులు వెతకడం మొదలుపెట్టాడు. పాత గొంతున్న పెట్టె ఒక్కటీ దొరకలేదు.

“ఒకటి ఉండేది బావా,” అన్నాడు బావమరిది. “ఆ మఫ్లరావిడది. నువ్వే కదా...”

“ఊరుకోరా,” అన్నాడు పెట్టెలాయన.

స్టూడియో ఎప్పుడో మూతపడింది. దాని ఓనరును వెతికి పట్టుకుంటే గొంతిచ్చినావిడ ఫోను నంబరు ఇచ్చాడు. దాంతో పెట్టెలాయనకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ మళ్ళీ వచ్చి ఆ రెండు మాటలూ చెబితే చాలు, మునిగిన పడవ తేలుతుంది.

ఫోను ఎవరో పెద్దాయన ఎత్తాడు.

“మందుల పెట్టెకి గొంతిచ్చినావిడ ఉన్నారా అండీ? చిన్న రికార్డింగు పని.”



“మా ఆవిడేనండీ. కానీ ఇప్పుడు కుదరదు. గొంతుకి ఆపరేషనైంది.”

“అయ్యో. తగ్గాక వచ్చినా ఫరవాలేదండీ, ఎన్నాళ్ళయినా ఆగుతాం.”

“తగ్గేది కాదు నాయనా. గాలి తప్ప మాట రాదు. ఇంతకీ ఎవరు మీరు?”

“ఆ పెట్టెలు చేసేవాణ్ణండీ.”

“అయితే మీకు తెలిసే ఉంటుందిగా,” అన్నాడు పెద్దాయన, కోపమేమీ లేకుండా. “తన గొంతు ఇక ఆ పెట్టెలోనే మిగిలిందని, ఫోనులోకి ఎక్కించుకుంటానని, మెడకు మఫ్లరు చుట్టుకుని మీ కొట్టుకే వచ్చింది.”